షిఫ్ట్ మీటింగ్‌లో వినపడే మాటలు: గని ముఖం నుంచి టెయిలింగ్స్ చెరువు దాకా

ప్రశ్న: కెమిస్ట్రీలో డిగ్రీ చేసి, రాగి ఖనిజాన్ని శుద్ధి చేసే ప్లాంట్‌లో ట్రెయినీగా చేరి మూడు వారాలైంది. ముడిఖనిజం, ఖనిజ మాలిన్యం, ప్లవన ప్రక్రియ, భర్జనం అన్నీ చదువుకున్నాను. కానీ పొద్దున షిఫ్ట్ మీటింగ్‌లో "హెడ్ ఒకటి, టెయిల్ పాయింట్ ఒకటి నాలుగుకి పోయింది, రాత్రి రెండో సైక్లోన్ రోపింగ్, క్లీనర్ టెయిల్ బరువెక్కింది" అంటుంటే ఒక్క ముక్క బుర్రకెక్కడం లేదు. గని వైపు మాటలు, ప్లాంట్ వైపు మాటలు, వాటి వెనకున్న పద్ధతులు ఎవరైనా అర్థమయ్యేలా చెప్తారా?

సమాధానం:

మీరు చదివిన మాటల్లో తప్పేం లేదు, అవి ప్లాంట్ గేటు దాటి లోపలికి రాలేదంతే. ఇక్కడ ఎవరూ ఖనిజ మాలిన్యం అనరు, గ్యాంగ్ అంటారు. ప్లవన ప్రక్రియ అంటే పక్కనున్న ఆపరేటర్ మీ మొహంలోకి చూస్తాడు. బుడగలతో ఖనిజాన్ని తేల్చే ఆ పని అతనికి ఫ్లోటేషన్, ఇంకా మాట్లాడితే "సెల్సు", అంటే అది జరిగే తొట్లు. నేను 22 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట గ్రైండింగ్, తర్వాత ఫ్లోటేషన్, ఇప్పుడు లోహం లెక్కలు. నాక్కూడా మొదటి నెలంతా మీలాగే గడిచింది.

మాటల జాబితా రాసుకుని బట్టీ పట్టకండి, నిలవదు. మీ ప్లాంట్‌కి వచ్చే రాయిలో నూటికి ఒక పాలు రాగి ఉందనుకుందాం. మిగతా 99 పాళ్లను వదిలించుకోవడమే ఇక్కడ అందరి ఉద్యోగం. ఒకచోట పేల్చి పక్కన పోస్తాం, ఇంకోచోట నూరి నీళ్లతో పంపేస్తాం. వదిలించుకున్న ప్రతిచోటా కొంచెం రాగి కూడా వెంట పోతుంది. కాబట్టి ఏ కొత్త మాట విన్నా రెండే అడగండి: ఇక్కడ పారేస్తున్నదేంటి, దాంతోపాటు పోతున్న రాగి ఎంత?

ముందు మీటింగ్‌లో విన్న అంకెలు చూద్దాం. హెడ్ అంటే ప్లాంట్‌లోకి వచ్చే ఖనిజంలో లోహం శాతం, ఫీడ్ గ్రేడ్ అన్నా అదే. కాన్‌సెంట్రేట్ అంటే మనం అమ్ముకునే సరుకు. టెయిల్ అంటే పారేసేది. వెయ్యి టన్నులు నూరారు, హెడ్ 1 శాతం, కాన్‌సెంట్రేట్ 25 శాతం, టెయిల్ 0.1 శాతం. లోపలికి వచ్చిన రాగి 10 టన్నులు. ఎంత బయటికి వచ్చిందో తెలుసుకోవడానికి రెండు ఉత్పత్తుల సూత్రం ఒకటుంది:

రికవరీ = కాన్‌సెంట్రేట్ × (ఫీడ్ − టెయిల్) ÷ [ఫీడ్ × (కాన్‌సెంట్రేట్ − టెయిల్)]

అంకెలు వేస్తే 25 × 0.9 ÷ 24.9, అంటే 90.4 శాతం. బరువు లెక్కన చూస్తే కాన్‌సెంట్రేట్ 36 టన్నులే వచ్చింది, అంటే ఫీడ్‌లో 3.6 శాతం. దీన్నే మాస్ పుల్ అంటారు, పలకడానికి బద్ధకించి "పుల్" అనేస్తారు. ఇప్పుడు టెయిల్ 0.1 నుంచి 0.14కి పోయిందంటే రికవరీ 86.5కి పడింది. చూడ్డానికి దశాంశం తర్వాత ఎక్కడో చిన్న కదలిక. రోజుకు పదివేల టన్నులు నూరే ప్లాంట్‌లో అది సుమారు నాలుగు టన్నుల రాగి, రోజూ, టెయిల్ పోసే చెరువులోకి. మీ షిఫ్ట్ ఇన్‌చార్జి గొంతు పెంచడానికి కారణం అదే.

గ్రేడ్, రికవరీ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. రాగి ఖనిజాల్లో ఎక్కువగా కనిపించే చాల్కోపైరైట్ పూర్తి శుద్ధంగా ఉన్నా అందులో రాగి 34.6 శాతమే, మిగతాది ఇనుము, గంధకం. అందుకే చాల్కోపైరైట్ ఖనిజం నూరే ప్లాంట్‌లో ఎవరైనా "40 శాతం కాన్‌సెంట్రేట్ తీశాం" అంటే అందులో రాగి ఇంకా ఎక్కువుండే బోర్నైటో చాల్కోసైటో కలిసిందని అర్థం, లేకపోతే ల్యాబ్‌లో పొరపాటు. గ్రేడ్ పెంచాలని శుద్ధమైన రేణువులే ఏరుకుంటే సగం సగం అతుక్కున్నవి టెయిల్‌లోకి పోతాయి. రికవరీ కోసం వాటినీ లాగితే గ్రేడ్ పడుతుంది, దాన్ని కొని కరిగించే స్మెల్టర్ వాళ్లు ధర కోస్తారు. రెండూ ఒకేసారి పెరిగాయని ఎవరైనా చెప్తే నేను ముందు శాంపిల్ బకెట్ చూపించమంటాను.

ఆ అలవాటు ఊరికే రాలేదు. ఒకచోట పనిచేస్తున్నప్పుడు ఒక నెల మా రికవరీ ఉన్నట్టుండి 94కి లేచింది. టెయిల్ రోజూ 0.06 వస్తోంది. రియేజెంట్ (ఫ్లోటేషన్‌లో వేసే మందు) మోతాదు మార్చింది నేనే కాబట్టి ఘనత కూడా నాదే అనుకున్నాను. నెలాఖరున తూకం చూస్తే అమ్మిన కాన్‌సెంట్రేట్‌లో ఉన్న రాగికీ, సూత్రం చెప్పిన రాగికీ పొంతన లేదు. చివరికి టెయిల్ పైపు దగ్గర ఆటోమేటిక్ శాంప్లర్ విప్పి చూస్తే, కట్టర్ చీలికలో కర్ర పేళ్లు, ప్లాస్టిక్ ముక్కలు ఇరుక్కుని సందు సగానికి సగం మూసుకుపోయి ఉంది. సన్నటి బురద లోపలికి జారుతోంది, ముతక రేణువులు అంచుకు తగిలి బయటికి ఎగిరిపోతున్నాయి. మా టెయిల్‌లో రాగి ఉన్నదే ఆ ముతక రేణువుల్లో. అంటే నెలంతా రాగి లేని సగాన్ని మాత్రమే ల్యాబ్‌కి పంపుతూ సంబరపడ్డాం. కట్టర్ సందు, వచ్చే రేణువుల్లో అతి పెద్దదానికి కనీసం మూడింతలు ఉండాలన్నది శాంప్లింగ్‌లో తొలి పాఠం. పియర్ గీ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త జీవితమంతా ఈ శాంప్లింగ్ సిద్ధాంతం మీదే పనిచేశాడు. అంత పని ఎందుకు పడిందో ఆ నెల నాకు అర్థమైంది.

ఇక గని వైపుకి వెళ్దాం.

ఖనిజం అంటే ప్రకృతిలో దొరికే నిర్దిష్ట రసాయన కూర్పు ఉన్న పదార్థం. ఓర్ అంటే లాభానికి తవ్వగలిగిన రాయి. ఆ రెండో మాటలో భూగర్భ శాస్త్రం సగమే, మిగతా సగం డబ్బు. ఎంత శాతం దాటితే తవ్వడం గిట్టుబాటు అవుతుందో ఆ గీత పేరు కటాఫ్ గ్రేడ్. లోహం ధర పెరిగితే గీత కిందికి దిగుతుంది, నిన్నటి వేస్ట్ రాయి ఇవాళ ఓర్ అవుతుంది. రాయి మారలేదు, పేరు మారింది.

రిసోర్స్, రిజర్వ్ అన్న రెండు మాటల్ని పేపర్లవాళ్లు ఇష్టమొచ్చినట్టు వాడేస్తారు. మీరు మాత్రం కలపకండి. డ్రిల్లింగ్ చేసి భూమిలో ఇంత ఉందని అంచనా కట్టింది రిసోర్స్. నమ్మకం పెరిగే కొద్దీ ఇన్‌ఫర్డ్, ఇండికేటెడ్, మెజర్డ్ అంటారు. అందులో తవ్వే పద్ధతి, ఖర్చు, అనుమతులు అన్నీ లెక్కేసి నిజంగా తీసి అమ్ముకోగలమని తేలిన భాగమే రిజర్వ్. ఇన్‌ఫర్డ్ నుంచి నేరుగా రిజర్వ్‌కి దారి లేదు, ముందు ఇంకా డ్రిల్ చేసి నమ్మకం పెంచాలి. ఈ కట్టుదిట్టాలు ఊరికే రాలేదు. ఇండొనేషియాలోని బుసాంగ్‌లో బ్రె-ఎక్స్ అనే కెనడా కంపెనీ చూపించిన బంగారం, 1997లో శాంపిళ్లలో బయటినుంచి కలిపిందని తేలింది. ఆ దెబ్బ తర్వాతే 2001లో కెనడా, ఇలాంటి అంచనాలు ఎలా ప్రకటించాలో చెప్పే 43-101 నిబంధన తెచ్చింది. అలాంటిదే ఆస్ట్రేలియా జోర్క్ కోడ్ అంతకుముందే, 1989లోనే వచ్చింది.

ఓపెన్ పిట్‌లో ముందు వినపడేది స్ట్రిప్పింగ్ రేషియో. ఒక టన్ను ఓర్ కోసం ఎన్ని టన్నుల వేస్ట్ తీయాలో ఆ లెక్క. గోడల్ని మెట్లు మెట్లుగా తవ్వుతారు, ఒక్కో మెట్టు బెంచ్. బెంచ్ మీద వరసగా రంధ్రాలు వేసి పేలుస్తారు. బెంచ్ అంచు నుంచి మొదటి వరస రంధ్రాలకున్న దూరం బర్డెన్, ఒకే వరసలో రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం స్పేసింగ్. రంధ్రం పైభాగాన్ని కంకరతో కూరి మూస్తే స్టెమ్మింగ్. అది సరిగా లేకపోతే పేలుడు వాయువు రాయిని పగలగొట్టకుండా పైకి ఎగదన్నేస్తుంది, ముక్కలు ఎగిరి ఎక్కడో పడతాయి. దాన్నే ఫ్లై రాక్ అంటారు, ఈ పనిలో మనుషుల్ని చంపేవాటిలో అదొకటి. పొడి రంధ్రాల్లో వాడే పేలుడు పదార్థం ఆన్‌ఫో 94 పాళ్లు అమ్మోనియం నైట్రేట్, 6 పాళ్లు డీజిల్ లాంటి నూనె. నీళ్లున్న రంధ్రంలో అది కరిగిపోతుంది కాబట్టి అక్కడ నీటికి తట్టుకునే ఎమల్షన్ పేలుడు పదార్థం వాడతారు. పేలకుండా మిగిలినదాన్ని మిస్‌ఫైర్ అంటారు. ఆ మాట వినపడ్డ బెంచ్ వైపు, బ్లాస్టర్ క్లియర్ చేశాడని చెప్పేదాకా మీరు వెళ్లకండి.

ప్లాంట్ వాళ్లకు బ్లాస్టింగ్‌తో పనేంటి అని నేనూ అనుకునేవాణ్ణి. రాయిని చిన్నది చేసే పనుల్లో అన్నిటికన్నా చవకైంది పేలుడే. అక్కడ బాగా పగిలితే క్రషర్‌కి, మిల్లుకి కరెంటు మిగులుతుంది. అక్కడ పిసినారితనం చేస్తే బండరాళ్లు క్రషర్ నోట్లో ఇరుక్కుంటాయి, ప్లాంట్ మొత్తం చేతులు కట్టుకుని కూర్చుంటుంది. గని నుంచి మిల్లు దాకా ఖర్చును ఒక్కటిగా చూడమని చెప్పే పద్ధతికి మైన్-టు-మిల్ అని పేరు.

భూగర్భ గనుల్లో పద్ధతిని ఎంచుకునేది మనం కాదు, ఓర్ పొర ఆకారం, రాయి బలం. బల్లపరుపుగా ఉంటే గదులు తవ్వుతూ మధ్యలో స్తంభాలు వదిలేస్తారు, రూమ్ అండ్ పిల్లర్. నిటారుగా, సుమారు 50 డిగ్రీలకు పైగా వాలి ఉండి, చుట్టూ రాయి గట్టిగా ఉంటే సబ్‌లెవల్ స్టోపింగ్: పై నుంచి పేల్చితే ఓర్ తన బరువుకే కిందికి జారి వస్తుంది. చుట్టూ రాయి బలహీనంగా ఉంటే కొంచెం తీయడం, ఆ ఖాళీని నింపడం, దానిమీద నిలబడి ఇంకొంచెం తీయడం, ఇది కట్ అండ్ ఫిల్. భారీ ఓర్ ముద్దను అడుగున కోసి వదిలేస్తే దానంతటదే విరిగి కూలుతుంది, అది బ్లాక్ కేవింగ్. చవక, కానీ ఒకసారి మొదలయ్యాక ఆపడం మన చేతిలో ఉండదు. బొగ్గు పొరల్లో లాంగ్‌వాల్ సంగతి వేరే కథ, మీకు ఇప్పుడు అక్కర్లేదు.

హ్యాంగింగ్ వాల్, ఫుట్ వాల్ అన్న మాటలు మాత్రం గుర్తుపెట్టుకోవడం చాలా తేలిక. వాలుగా ఉన్న ఓర్ పొరను తవ్వి అందులో పాత కాలపు గనికార్మికుడు నిలబడ్డాడనుకోండి. కాళ్ల కింద ఉన్న రాయి ఫుట్ వాల్, నెత్తిమీదికి వంగి దీపం తగిలించుకునే రాయి హ్యాంగింగ్ వాల్. ఈ హ్యాంగింగ్ వాల్ నుంచి పనికిరాని రాయి ఊడి ఓర్‌లో కలిస్తే డైల్యూషన్. 1 శాతం రాగి ఉన్న 100 టన్నుల ఓర్‌లో 20 టన్నుల వట్టి రాయి కలిస్తే మీకొచ్చే హెడ్ 0.83. ఇక్కడో తిరకాసుంది. ఈ డైల్యూషన్‌ని కొందరు 20 శాతం అంటారు, వేస్ట్‌ని ఓర్‌తో భాగించి. కొందరు 16.7 అంటారు, మొత్తంతో భాగించి. రెండూ వాడుకలో ఉన్నాయి. గని వాళ్లతో వాదనకు దిగేముందు ఏ లెక్కో అడగండి. నేను అడగకుండా ఒకసారి అరగంట గొడవపడ్డాను, ఇద్దరిదీ ఒకటే అంకె అని తర్వాత తెలిసింది.

ఇప్పుడు మీ ప్లాంట్‌లోకి వద్దాం. రాయిని ఎందుకు నూరాలి? రాగి ఖనిజపు గింజ, గ్యాంగ్ గింజ ఒకదాన్నొకటి వదిలేదాకా నూరాలి. ఆ వదలడానికి పేరు లిబరేషన్. అతుక్కునే ఉన్న రేణువులు లాక్డ్, లేదా మిడ్లింగ్స్. నా దృష్టిలో ఈ శాస్త్రం మొత్తానికి గుండెకాయ ఈ ఒక్క మాటే. విడిపోని రేణువుకు ఏ మందు వేసినా లాభం లేదు. దాన్ని కాన్‌సెంట్రేట్‌లోకి లాగితే గ్రేడ్ పోతుంది, వదిలేస్తే రికవరీ పోతుంది.

మరి మెత్తగా నూరేస్తే సరి కదా అంటే, రెండు ఇబ్బందులు. ఒకటి కరెంటు. ఫ్రెడ్ బాండ్ 1952లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడతాం. బాండ్ వర్క్ ఇండెక్స్ అంటే ఆ రాయి మొండితనం అనుకోండి. ఎఫ్80 అంటే లోపలికి వచ్చేదాంట్లో 80 శాతం ఏ సైజు జల్లెడ దిగుతుందో ఆ సైజు. పీ80 అంటే బయటికి వచ్చేదాంట్లో అదే. మైక్రాన్లలో వేయాలి:

టన్నుకు కిలోవాట్-అవర్లు = 10 × వర్క్ ఇండెక్స్ × (1/√పీ80 − 1/√ఎఫ్80)

ఇండెక్స్ 14, ఎఫ్80 పదివేల మైక్రాన్లు, పీ80 వంద మైక్రాన్లు వేయండి: 12.6 వస్తుంది. అదే 50 మైక్రాన్లకు నూరాలంటే 18.4. సైజు సగం, కరెంటు దాదాపు ఒకటిన్నర రెట్లు. రెండో ఇబ్బంది స్లైమ్స్. పది మైక్రాన్ల కన్నా సన్నబడితే రేణువుకు బుడగను ఢీకొని అంటుకునేంత బరువుండదు. విడిపోయీ ప్రయోజనం లేదు, టెయిల్‌లోకే పోతుంది.

జా క్రషర్, గైరేటరీ, కోన్ క్రషర్ గురించి పెద్దగా చెప్పను, మీరే నిలబడి చూస్తే పది నిమిషాల్లో అర్థమవుతాయి. ఇనుప బంతులతో నూరే బాల్ మిల్లు దగ్గర క్రిటికల్ స్పీడ్ అన్న మాట తెలియాలి. ఆ వేగానికి చేరితే బంతులు కింద పడకుండా గోడకే అంటుకుని తిరుగుతాయి. మీటర్లలో మిల్లు వ్యాసం నుంచి బంతి వ్యాసం తీసేసి, దాని వర్గమూలంతో 42.3ని భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. 4 మీటర్ల మిల్లుకు ఇది సుమారు 21. నడిపేది అందులో 70–75 శాతం దగ్గర, అంటే 15, 16 చుట్లు. మీ దగ్గర సాగ్ మిల్లు (బంతులతోపాటు పెద్ద రాళ్లు కూడా నూరే మిల్లు) ఉంటే దాని పక్కన కళ్లు మూసుకుని నిలబడండి. లోపల రాయి చాలకపోతే బంతులు నేరుగా లైనర్‌ని, అంటే మిల్లు లోపలి తొడుగుని, కొట్టి ఠంగుఠంగుమంటాయి. నిండిపోతుంటే శబ్దం మందగించి మూలుగులా ఉంటుంది. పాత ఆపరేటర్లు స్క్రీన్ మీద పవర్ మారేలోపే చెప్పేస్తారు. ఆ చెవి రావడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మిల్లు నుంచి వచ్చిన బురదను, అంటే స్లర్రీని, హైడ్రోసైక్లోన్‌కి పంపుతారు. పక్కనుంచి వేగంగా కొడితే లోపల సుడి తిరుగుతుంది. ముతకది గోడకు జరిగి కింద ఏపెక్స్ నుంచి దిగుతుంది, అది అండర్‌ఫ్లో, మళ్లీ మిల్లుకే. సన్నటిది మధ్యనున్న వోర్టెక్స్ ఫైండర్ గుండా పైకి వస్తుంది, అది ఓవర్‌ఫ్లో, ఫ్లోటేషన్‌కి. మళ్లీ మిల్లుకు తిరిగివచ్చేది కొత్త ఫీడ్‌కి ఎన్ని రెట్లో అది సర్క్యులేటింగ్ లోడ్. 250 శాతం అని వింటే కంగారు పడకండి, మామూలే.

రోపింగ్ సంగతి ఇది. సైక్లోన్ ఆరోగ్యంగా ఉంటే ఏపెక్స్ దగ్గర అండర్‌ఫ్లో గొడుగు తెరిచినట్టు విచ్చుకుని చిమ్ముతుంది, మధ్యలో గాలి స్తంభం ఉంటుంది. ముతక మోతాదు మించితే ఏపెక్స్‌లో పట్టదు, గొడుగు ముడుచుకుపోయి తాడు పేనినట్టు నిటారుగా దిగుతుంది. అప్పుడు గాలి స్తంభం మూసుకుపోతుంది, దిగలేని ముతక వేరే దారిలేక ఓవర్‌ఫ్లోలోకి ఎక్కి ఫ్లోటేషన్‌కి పోతుంది. ముతక అంటే విడిపోని రేణువులు, అవి తేలవు. మీ టెయిల్ 0.14కి ఎందుకు పోయిందో ఇప్పుడు తెలుస్తోంది కదా? మీటింగ్‌లో విన్న ఆ రెండు ముక్కలూ ఒకే జబ్బు. సైక్లోన్‌కి బురద తోడే సంప్‌లో నీళ్లు పెంచడం, ఇంకో సైక్లోన్ తెరవడం, అప్పటికీ కుదరకపోతే మిల్లు ఫీడ్ తగ్గించడం, ఈ వరసలో చేస్తారు. ఏపెక్స్ అరిగి మరీ పెద్దదైతే ఇంకో తంటా, సన్నటిది కూడా కిందికి దిగి మిల్లులో ఊరికే తిరుగుతుంది.

సైక్లోన్ బరువును కూడా చూస్తుందన్న సంగతి చాలామంది మర్చిపోతారు. సీసపు ఖనిజం గెలీనా సాంద్రత 7.5, క్వార్ట్జ్‌ది 2.65. గెలీనా అప్పటికే విడిపోయి సన్నబడినా బరువు వల్ల అండర్‌ఫ్లోలో దిగి మళ్లీ మళ్లీ మిల్లుకు పోతుంది, స్లైమ్ అయిపోయేదాకా. సీసం–జింకు ప్లాంట్లలో మిల్లు దగ్గరే ఒక ఫ్లోటేషన్ సెల్ పెట్టి దాన్ని మధ్యలోనే పట్టుకోవడానికి కారణమిదే. బంగారంలో అయితే అదే చోట గ్రావిటీ యంత్రం పెడతారు.

గ్రావిటీ పద్ధతులు మీకు కొత్తేం కాదు, గాలికి తూర్పారబట్టినట్టే ఇక్కడ నీటికి. పనికొస్తుందో లేదో ఒక చిన్న లెక్క చెప్తుంది: బరువు ఖనిజం సాంద్రతలోంచి 1 తీసేసి, తేలిక ఖనిజం సాంద్రతలోంచి 1 తీసేసినదాంతో భాగించండి. ఆ 1 నీటిది. 2.5 దాటితే సులువు. బంగారం 19.3, క్వార్ట్జ్ 2.65 అయితే 11 వస్తుంది. తగరపు ఖనిజం కాసిటరైట్‌కి 3.6. చాల్కోపైరైట్ సాంద్రత 4.2, అంటే 1.9 మాత్రమే వస్తుంది, అందుకే మీ ప్లాంట్‌లో జిగ్గులు, షేకింగ్ టేబుళ్లు కనపడవు. అయస్కాంత పద్ధతి మాగ్నటైట్‌కి హాయిగా పనిచేస్తుంది, హెమటైట్‌కి చాలా బలమైన అయస్కాంతం కావాలి.

ఫ్లోటేషన్‌కి పుట్టిల్లు ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ అనొచ్చు. అక్కడ గ్రావిటీ పద్ధతితో సీసం, వెండి తీసుకుని, జింకును విడదీయలేక టెయిలింగ్స్ గుట్టలుగా పోశారు. 1900ల తొలి దశాబ్దంలో బుడగలతో ఖనిజాన్ని తేల్చే పద్ధతి వచ్చాక ఆ చెత్త గుట్టలే గనులయ్యాయి. కటాఫ్ గురించి చెప్పానే, ధర పెరిగినా గీత జరుగుతుంది, పద్ధతి మారినా జరుగుతుంది.

మందుల్లో మొదటిది కలెక్టర్. మన రాగికి ఎక్కువగా జాంథేట్. ఒక కొస ఖనిజపు ఉపరితలాన్ని పట్టుకుంటుంది, రెండో కొస నీళ్లంటే గిట్టని హైడ్రోకార్బన్ తోక. రేణువు చుట్టూ ఆ తోకలు పరుచుకుంటే అది నీటిని వదిలి బుడగను పట్టుకుంటుంది. బుడగలు పగిలిపోకుండా నిలబెట్టేది ఫ్రాదర్, పైన్ ఆయిల్ లాంటివి. తేలకూడనిదాన్ని అణిచేది డిప్రెసెంట్: సున్నం వేసి పీహెచ్ 11 దగ్గరికి తెస్తే పైరైట్ అణిగి ఉంటుంది. అది అణగకపోతే ఇనుము, గంధకం కాన్‌సెంట్రేట్‌లోకి వచ్చి గ్రేడ్ పాడవుతుంది. తనంతట తేలనిదాన్ని లేపేది యాక్టివేటర్, జింకు ఖనిజం స్ఫాలరైట్‌కి కాపర్ సల్ఫేట్ అలాంటిది. జాంథేట్ ఆమ్లంలో విడిపోయి కార్బన్ డైసల్ఫైడ్ వదులుతుంది, అది విషం, పైగా తేలిగ్గా అంటుకుంటుంది. కలిపే గదిలో గాలి ఆడుతోందో లేదో చూసుకోండి.

సెల్సు వరసలో మొదటివి రఫర్లు, దొరికినదంతా లాగుతాయి. వాటి టెయిల్‌ని చివరిసారి గాలించేవి స్కావెంజర్లు. రఫర్ కాన్‌సెంట్రేట్‌ని కడిగి గ్రేడ్ పెంచేవి క్లీనర్లు. క్లీనర్ దగ్గర వెనక్కి తన్నేసింది క్లీనర్ టెయిల్, అది చాలా ప్లాంట్లలో మళ్లీ సర్క్యూట్ మొదటికే తిరుగుతుంది. అది బరువెక్కిందంటే విడిపోని మిడ్లింగ్స్ అటూ కాకుండా ఇటూ కాకుండా గుండ్రంగా తిరుగుతున్నాయని. రాత్రి రోపింగ్‌లో వచ్చిన ముతకే అది. చాలామంది కంగారులో కలెక్టర్ పెంచుతారు. అప్పుడు పైరైట్ కూడా లేస్తుంది, గ్రేడ్ కూడా పోతుంది, రెంటికీ చెడ్డ రేవడి. రీగ్రైండ్ మిల్లుంటే దానికి పంపాలి, లేకపోతే ముందు సైక్లోన్‌ని సరిచేసి ఓపిగ్గా రెండు మూడు గంటలు ఆగాలి.

నురగను చదవడం నేర్చుకోండి. గాలి పెంచితే పుల్ పెరుగుతుంది, గ్రేడ్ తగ్గుతుంది. నురగ పొర లోతు పెంచితే గ్యాంగ్ కిందికి కారిపోయే సమయం దొరుకుతుంది, గ్రేడ్ పెరుగుతుంది. నీటితోపాటు ఊరికే కొట్టుకొచ్చే సన్న గ్యాంగ్‌ని ఎంట్రైన్‌మెంట్ అంటారు. దానికి మందు లేదు, నురగ లోతు, కడిగే నీళ్లే దిక్కు. నల్ల పలక ఒకటి వెంట ఉంచుకుని నురగను దానిమీద పోసి నీళ్లతో మెల్లగా ఊపండి. పసుపు లోహపు మెరుపు చాల్కోపైరైట్, లేత ఇత్తడి రంగు పైరైట్, తెల్లగా బూడిదగా ఉన్నది గ్యాంగ్. ల్యాబ్ అంకె రెండు గంటల తర్వాత వస్తుంది, పలక అప్పుడే చెప్పేస్తుంది.

లోహాన్ని ద్రావణంలోకి కరిగించి తీసే లీచింగ్ మీ ప్లాంట్‌లో లేదు కాబట్టి క్లుప్తంగా. 1887లో గ్లాస్గోలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు పేటెంట్ తీసుకున్న సయనైడ్ పద్ధతి ఇప్పటికీ బంగారానికి ప్రధానం. బంగారం కరిగిన ద్రావణం ప్రెగ్నెంట్, బంగారం తీసేశాక మిగిలింది బ్యారెన్. పీహెచ్ 10 దిగితే విషవాయువు లేస్తుంది కాబట్టి సున్నం ఎప్పుడూ ముందు, సయనైడ్ తర్వాత. బంగారం పైరైట్ లోపల బందీగా ఉండి సయనైడ్‌కి అందకపోతే రిఫ్రాక్టరీ ఓర్. ఖనిజంలోని కార్బనే కరిగిన బంగారాన్ని మళ్లీ పీల్చేసుకుంటే ప్రెగ్-రాబింగ్, ఆ పేరు పెట్టినవాడికి దండం పెట్టాలి.

కాన్‌సెంట్రేట్ థికెనర్‌లో చిక్కబడి, ఫిల్టర్‌లో నీళ్లు పిండించుకుని లోడింగ్‌కి వెళ్తుంది. అక్కడ తేమ శాతాన్ని గుమాస్తా లెక్క అనుకోకండి. ఓడల్లోకి ఎక్కించే సన్నటి ఖనిజానికి టీఎమ్‌ఎల్ అని తేమకు ఒక హద్దు ఉంటుంది. అది దాటితే ఓడ కుదుపులకు గట్టిగా కనపడే గుట్ట ద్రవంలా మారి ఒక పక్కకు ఒరుగుతుంది. 2015 జనవరిలో బల్క్ జుపిటర్ అనే ఓడ బాక్సైట్ లోడుతో మునిగి 19 మందిలో 18 మంది పోయారు. దర్యాప్తు వేలు చూపించింది సరుకులోని తేమ వైపే.

టెయిల్ కూడా థికెనర్ దాటి చెరువుకు పోతుంది. నీళ్లు పైనుంచి వెనక్కి తీసుకుంటాం, ఘనపదార్థం అక్కడే ఉండిపోతుంది, గట్టు ఏళ్ల తరబడి లేస్తూనే ఉంటుంది. ఆ లేపడంలో అప్‌స్ట్రీమ్ అంటే పాత టెయిలింగ్స్ మీదే కొత్త గట్టు వేయడం, చవక. డౌన్‌స్ట్రీమ్ అంటే బయటివైపు గట్టి నేల మీద వేయడం, ఖర్చు. బ్రెజిల్‌లో 2015 నవంబరులో మరియానా దగ్గర గట్టు తెగి 19 మంది, 2019 జనవరి 25న బ్రుమాజిన్యోలో తెగి 270 మంది చనిపోయారు. రెండూ అప్‌స్ట్రీమ్ గట్లే. గట్టు లోపలి తడి ఇసుక, తేమ హద్దు దాటిన సరుకులాగే, ఉన్నట్టుండి ద్రవమైపోయింది.

గట్టు లోపల నీటి మట్టం ఎంతుందో చెప్పే గొట్టాలు పీజోమీటర్లు. కొత్త ట్రెయినీలను ఎండలో ఆ రీడింగులకు పంపుతారు, మిమ్మల్నీ పంపుతారు. నిన్నటి అంకె చూసి కొంచెం అటూ ఇటూ మార్చి రాసేసే మనుషుల్ని చూశాను. మీరు తాడు దించి కొలిచే రాయండి. అంకె నిన్నటికన్నా స్పష్టంగా పైకి లేచినట్టు కనపడితే, షీట్‌లో నింపడం తర్వాత, ముందు అక్కడినుంచే ఫోన్ చేయండి.